పుట్టింటి ఓటు

రాధిక అత్తవారి ఊరు చేజర్ల మండలం, పుట్టిన ఊరు వరికుంటపాడు మండలం. మొదటిది ఆత్మకూరు నియోజకవర్గం, రెండోది ఉదయగిరి. ఎమ్మెల్యేలు ఇద్దరు, గొడవలు రెండు రకాలు. ఎంపీ మాత్రం ఒక్కడే, ఎందుకంటే రెండూ నెల్లూరు పార్లమెంటు కిందే ఉన్నాయి. జిల్లాలో అందరికీ తెలిసిన సంగతే ఇది. దీన్ని పెళ్లి మాటల్లోకి లాగినవాళ్లు మాత్రం ఈ రెండు కుటుంబాలవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరేమో.

రెండువేల తొమ్మిది ఎన్నికలకు ముందు సంవత్సరం సంబంధం కుదిరింది. రెండు ఇళ్లూ సేద్యం మీద బతికేవే. రెండు ఇళ్లలోనూ రాజకీయం మాట్లాడకుండా అన్నం సహించదు. పెళ్లికొడుకు పెంచలప్రసాద్ వాళ్లది తాతల నాటి నుంచీ గొడుగు పార్టీ. రాధిక తండ్రి వెంకటరమణయ్యది బిందె పార్టీ. జాతకాలు కలిశాయి, ముహూర్తం దొరికింది, వంటవాళ్లు దొరికారు. తీరా తాంబూలాల దగ్గర పెళ్లికొడుకు తండ్రి వీరరాఘవులు నవ్వుతూనే, ఇకమీదట కోడలి ఓటు గొడుగుదేనన్నాడు. వెంకటరమణయ్య చేతిలో పళ్లెం కింద పెట్టేశాడు. పిల్లనిస్తున్నానుగానీ ఓటు కూడా ఇస్తానని ఎవరితో అన్నానని అడిగాడు. మాటా మాటా పెరిగింది. భోజనాల దగ్గర విస్తళ్లు వేసినవాళ్లు వేసినట్టే నిలబడిపోయారు.

అప్పుడు లేచింది శీనమ్మ. రెండు వైపులకూ బంధువు, వయసులో అందరికన్నా పెద్దది, ఆకలికి ఆగలేని మనిషి.

"ఎమ్మెల్యే ఓటు అత్తింటిది, ఎంపీ ఓటు పుట్టింటిది. ఇంక తాంబూలాలు మార్చుకోండి, ఎండెక్కతా ఉండాది" అంది.

తీర్పు అందరికీ నచ్చింది. రెండు ఊళ్లకూ ఎంపీ ఒకడే కాబట్టి పిల్ల ఎక్కడున్నా ఆ ఓటు పుట్టింటికే పడుతుందని వెంకటరమణయ్య తృప్తిపడ్డాడు. ఊరి పనులకు అక్కరకొచ్చేది ఎమ్మెల్యేనేగదా, ఎంపీ మొహం ఎవడు చూశాడని వీరరాఘవులూ తృప్తిపడ్డాడు. అసలు ఓటు గలమ్మాయి పక్క గదిలో జడ వేయించుకుంటూ ఉంది. ఆమెను ఒక మాట అడుగుదామని ఇంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ తోచలేదు. తోస్తే పెద్దమనుషులెందుకవుతారు.

రాధికకు మాత్రం ఆ తీర్పు మీద కోపమేమీ లేదు. తల్లి చిన్నప్పుడే పోయింది. నాయన, అన్న చంద్రశేఖర్, ఇంతే పుట్టిల్లంటే. వాళ్లకు తనలో ఇంకా ఏదో ఒకటి మిగిలి ఉందంటే, అది ఓటైతేనేం అనుకుంది.

పెళ్లయిన మరుసటి వేసవిలోనే ఎన్నికలొచ్చాయి. పోలింగుకు వారం ముందు చంద్రశేఖర్ బండి మీద దిగాడు. చీర, రవిక గుడ్డ, పసుపు కుంకుమ, అరటిపండ్ల గెల. చెల్లెలు వండిన కోడికూర తిన్నాడు, బావతో నీళ్ల సంగతీ వడ్ల సంగతీ మాట్లాడాడు, పోయేముందు గడప దగ్గర నిలబడి, "అమ్మా, పెద్ద ఓటు" అన్నాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపింది. అంతే ప్రచారం. ఆ రోజు నుంచి వాళ్లింట్లో ఎంపీ ఓటుకు పుట్టింటి ఓటని పేరు పడిపోయింది. అత్త ఓబులమ్మ కూడా కోడలిని ఏడిపించాలంటే, నీ పుట్టింటి ఓటు పెట్టెలో భద్రంగా ఉండాదా అని అడిగేది.

మూడేళ్లకే నెల్లూరు పార్లమెంటుకు ఉప ఎన్నిక వచ్చిపడింది. ఎండల్లో మళ్లీ ఈ గోల ఏందిరా అని ఊరంతా విసుక్కుంది. రాధిక ఒక్కతే ఇల్లు అలుక్కుంది. దేశంలో ప్రభుత్వాలు నిలకడగా ఉండాలని చదువుకున్నవాళ్లందరూ కోరుకుంటారు. ఏటా ఒకసారి పడిపోతే ఎంత బాగుండునని ఆమె కోరుకునేది.

ఎందుకంటే చంద్రశేఖర్ వేరే వేళల్లో రాడు. నాయన పోయాక మరీ తగ్గిపోయాడు. బిందె పార్టీకి మండలంలో పెద్ద అయ్యాడు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు వరసలో ఉంటాడు, చెల్లెలి ఇంట్లో శుభకార్యమంటే మాత్రం వేరే పనిబడుతుంది. మేనకోడలు అశ్విత ఓణీల వేడుకకు భార్యను పంపి ఊరుకున్నాడు. రెండువేల ఇరవైరెండులో ఆత్మకూరుకు ఉప ఎన్నిక జరిగినప్పుడు, వస్తాడేమోనని రాధిక కోడిని కూడా చూసిపెట్టింది. అది ఎమ్మెల్యే ఎన్నిక. ఆ ఓటు అత్తింటిది. ఆయన రాలేదు.

అయినా పార్లమెంటు ఎన్నికకు మాత్రం తప్పింది లేదు. రెండువేల పంతొమ్మిదిలో దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసులు సంచి విప్పి చీర చూసి, ఓటర్లకు పంచడానికేనని పట్టుకున్నారు. చెల్లెలికని చెబితే నమ్మలేదు. చెల్లెలు ఓటరు కాదా అని అడిగారు. చంద్రశేఖర్ ఎండలో మధ్యాహ్నందాకా నిలబడ్డాడు. ఆ చీర కట్టుకున్నప్పుడల్లా రాధికకు నవ్వొచ్చేది, నవ్వుతో పాటు గర్వం కూడా.

ఇక రెండువేల ఇరవైనాలుగు. గొడుగూ బిందే చేతులు కలిపాయి. ఎంపీ సీటు, ఆత్మకూరు సీటు గొడుగుకు. ఉదయగిరి సీటు బిందెకు. నిన్నటిదాకా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఒకే జీపెక్కి జనానికి దండాలు పెట్టారు. పెంచలప్రసాద్, చంద్రశేఖర్ ఆత్మకూరులో ఒకే వేదిక మీద కూర్చున్నారు. రెండు కండువాలూ మెడలో వేసుకుని బావాబావమరుదులు తీయించుకున్న ఫొటో పెంచలప్రసాద్ ఇంటికొచ్చి భార్యకు చూపించాడు. పదిహేనేళ్ల పొరపొచ్చం పోయిందని అతని సంతోషం. రాధిక కూడా సంతోషించింది. అన్న కాస్త చిక్కాడనుకుంది. ఆత్మకూరు దాకా వచ్చినవాడు ఇంటికి రాలేదేమని అడగలేదు. పోలింగుకు వారం ముందు ఎటూ వస్తాడుగదా.

ఆ వారం వచ్చింది. పెరట్లో కోడిని గంప కింద మూసింది. అరుగు కడిగింది. బండి చప్పుడైనప్పుడల్లా వాకిట్లోకి పోయి, షేర్ ఆటోనో పాల వ్యానో చూసి లోపలికొచ్చింది. ఎవరి కోసమే అని అత్త అడిగితే ఎండలో వడియాలున్నాయని చెప్పింది. వడియాలు అంతకుముందే డబ్బాలో పోసేశారు. ఓబులమ్మకు అది తెలుసు.

పోలింగుకు ముందు రోజు సాయంత్రం ఇక ఉండబట్టలేక తనే ఫోన్ చేసింది. అవతల మైకుల మోత, మనుషుల కేకలు.

"అన్నా, పెద్ద ఓటు ఎవరికేసేది?"

చంద్రశేఖర్ గట్టిగా నవ్వాడు. "అదేందమ్మా, బిందెకు ఈసారి ఎంపీ లేడు గదా. మీ ఆయన ఎవరికి చెప్తే వాళ్లకే. ఇప్పుడు రెండూ ఒకటే."

"అయితే నువ్వు రావా?"

"నేనెందుకమ్మా, బావ ఉండాడు గదా అక్కడ" అన్నాడు. పక్కన ఎవరో పిలిస్తే వస్తున్నానని కేకేసి ఫోన్ పెట్టేశాడు.

తప్పేమీ అనలేదు ఆయన. లెక్క ప్రకారం సరైన మాటే. రాధిక మాత్రం ఫోన్ చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. ఇన్నాళ్లూ అన్న తన కోసం వస్తూ పోతూ ఓటు అడుగుతున్నాడనుకుంది. ఓటు కోసం వచ్చి తనను పలకరించి పోతున్నాడని ఎన్నడూ అనుకోలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. అత్త చూసి, అన్నం తనే వార్చింది.

మర్నాడు పొద్దున్నే బడి దగ్గర వరసలో నిలబడింది. వేలికి సిరా పెట్టించుకుని అట్టల మరుగుకు పోయింది. మొదటి మిషన్ ఎంపీది. పైనుంచి కిందికి ఫొటోలన్నీ చూసింది. బిందె లేదని తెలుసు, అయినా వెతికింది. గొడుగు దగ్గర వేలు ఒక క్షణం ఆగింది. ఆ గుర్తు మీద ఆమెకు ద్వేషమేమీ లేదు, రెండో మిషన్ మీద ప్రతిసారీ నొక్కుతున్నదే. వేలు కిందికి జారి చివరి మీట మీద ఆగింది. నోటా. నొక్కింది. తర్వాత రెండో మిషన్ దగ్గరికి జరిగి అత్తింటి ఓటు గొడుగుకు వేసి బయటికొచ్చింది.

ఊళ్లో ఓట్లన్నీ గుండుగుత్తగా పడతాయని పైవాళ్లకు మాటిచ్చిన పెంచలప్రసాద్ గేటు దగ్గర చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. భార్యను చూసి నవ్వాడు. ఈసారి రెండూ మనకేగదా అన్నాడు.

"ఒకటే. పుట్టింటి ఓటు ఎవురికీ ఏయలా."

"అదేంది?"

"ఎవురూ వచ్చి అడగలా గదా" అంది రాధిక.

ఇంకో ఆడమనిషైతే ఏడుస్తూ చెప్పేదేమో. ఆమె మామూలుగానే చెప్పి, కొంగు నెత్తిన వేసుకుని ఇంటిదారి పట్టింది. పెంచలప్రసాద్‌కు మొదట కోపమొచ్చింది. భార్య ఓటే చేయి జారితే ఇక ఊరి మీద తన మాట ఏం నిలుస్తుంది. వెనకే పోయి గట్టిగా అడుగుదామని రెండడుగులు వేశాడు కూడా. నడిచిపోతున్న ఆమె వీపును చూస్తే, గంప కింది కోడీ, కడిగిన అరుగూ, వాకిట్లోకీ లోపలికీ ఆమె తిరిగిన తిరుగుళ్లూ ఒక్కసారిగా తెలిసొచ్చాయి. వారం రోజులు ఒకే ఇంట్లో ఉండి చూడలేదు అతను.

పోలింగు ముగిసేదాకా అక్కడే ఉన్నాడు. మిషన్లకు సీళ్లు వేశాక బడి గోడ పక్కకు పోయి బావమరిదికి ఫోన్ కలిపాడు. ఒకసారి ఇంటికి వచ్చిపొమ్మన్నాడు.

చంద్రశేఖర్‌కు అర్థం కాలేదు. "ఎలక్షన్ అయిపాయె గదా బావా. ఇప్పుడు నాకక్కడ ఏం పని?"

"ఏం పని లేదు" అన్నాడు పెంచలప్రసాద్. "అందుకే రమ్మంటున్నా."