తాకితే రాయి

బీడీల గంప నెత్తిన పెట్టుకుని వెళ్తే కార్ఖానా దగ్గర దించుకోవచ్చు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న అబద్ధాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. చెప్పుకోవడానికి మనిషి లేదు, రాయడానికి అక్షరం లేదు. అక్షరాలు ఈమధ్యే వచ్చాయి. కుంభారిలో బీడీ కార్మికుల కాలనీలో ఇల్లు దొరికాక, జుట్టు నెరిసిన ఆడవాళ్లమంతా కూర్చుని నేర్చుకున్నాం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మేం షోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌లో, కరెంటు మగ్గాలున్న ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్లం. యజమాని భార్యను వదినా అని పిలిచేదాన్ని. వాళ్లమ్మాయి సుజాత. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు చచ్చుబడింది. కాలేజీ మానేసి ఇంట్లోనే ఉండేది. చద్దర్ల మీద పువ్వుల డిజైన్లు గీయడానికి వాళ్ల నాన్న ముందుగదిలో కంప్యూటర్ పెట్టించాడు. దాన్ని అమర్చినతను అందులో ఒక ఆట కూడా వేసి వెళ్లాడు. సుజాత ఆ ఆటలో పడిపోయింది. ఆ గదిలో ఫ్యాను ఉండేది కాబట్టి నేనూ చాట పట్టుకుని అక్కడే కింద కూర్చుని బీడీలు చుట్టేదాన్ని.

ఆ ఆటలో బొమ్మలు లేవు. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలే. ఒక గుర్తు మన మనిషి, మిగతా అక్షరాలు జంతువులూ రాక్షసులూ. మనిషి నేల కిందికి అంతస్తు తర్వాత అంతస్తు దిగి, అట్టడుగున ఉన్న రత్నం తీసుకుని మళ్లీ పైకి రావాలి. మధ్యలో చస్తే ఆ మనిషిని కంప్యూటరే చెరిపేస్తుంది.

"నీ బీడీ పగిల్తే ఇంకోటి చుడ్తవక్కా. నా మనిషి సస్తే మల్ల లేవడు," అనేది సుజాత.

"గసుంటి ఆట ఎందుకే మరి?"

"గందుకే! సచ్చినోడు మల్ల లేస్తడంటే ఒక్క అడుగన్న బయంతోని ఏస్తమా?"

కొన్ని చావులు మెల్లగా వచ్చేవట. దెబ్బలు తిన్నా మందు తాగి తప్పించుకోవచ్చు. కొన్ని మాత్రం ఒక్క అడుగులోనే. కోడి తల, పాము తోక ఉన్న జంతువొకటుంది. దాన్ని వట్టి చేత్తో తాకితే, ఎంత బలమున్నవాడైనా నిలబడ్డచోటే రాయైపోతాడు. ఇదంతా చెప్పింది. ఆ జంతువు ఏ అక్షరమో మాత్రం నేను అడగలేదు.

వదినకు ఆ ఆట అంటే పడదు. "పొద్దంత దాంట్లనే సొచ్చి కూసుంటవ్. ఏదో ఒకనాడు గీ డబ్బను బొందల పెడ్త సూడు," అని గొణిగేది.

ఆ చలికాలం సుజాత ఆటలో రత్నం తీసుకుని పైకి వస్తోంది. అంతకుముందు ఎన్నడూ అంతదూరం రాలేదు. తిండి మీద కూడా ధ్యాస లేదు. ఒక మధ్యాహ్నం మగ్గాల దగ్గర్నుంచి వాళ్ల నాన్న పిలిచాడు, చద్దరులో పువ్వు తలకిందులైందని. "అక్కా, ముట్టకు," అని చెప్పి, కర్ర పట్టుకుని వెళ్లింది.

మా బీడీల ఆడవాళ్లలో ఒక అలవాటుంది. పక్కనున్నామె లేచి వెళ్తే ఆమె చాట మన ముందుకు లాక్కుని, తిరిగొచ్చేదాకా కొన్ని చుట్టి పెడతాం. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. లేచినందుకు ఆమె పని వెనకబడకూడదు, అంతే. నా చేయి ఆ అలవాటుతోనే లేచిందని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటి? అక్షరం ముక్క రాని నేను ఆ అక్షరాల మధ్య ఒక మనిషిని నడిపించగలనా అని చూసుకోవాలనిపించింది. వద్దని చెప్పి వెళ్లాక కూడా.

బాణం గుర్తున్న మీట నొక్కాను. మనిషి కదిలాడు. ఎంత సంతోషమో! ఎదురుగా విరిగిన చేతిగాజు ముక్కలా ఒక చిన్న అక్షరం ఉంది. చిన్నవాటి మీదికి నడిచి సుజాత వాటిని కొట్టేయడం రోజూ చూసేదాన్ని. పెద్ద అక్షరాలకే భయపడాలనుకున్నాను. అది ఆ కోడి తల జంతువేనని, ఆమె కత్తి మార్చబోతూ మధ్యలో లేచిందని, మనిషి చేయి ఖాళీగా ఉందని నాకేం తెలుసు? నడిపించాను. తెర పైభాగంలో అక్షరాల వరుస ఒకటి వచ్చి ఆగింది. అలాంటి వరుస వస్తే సుజాత ఆగి ఆలోచించేది. అంటే అది ఏదో అడుగుతోందని నాకు తెలుసు. తెలిసీ, ఆమె తరచూ నొక్కే మీటనే నొక్కాను.

తెర మీద సమాధి రాయి లేచింది.

నేను నా చాట దగ్గరికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి వదిన వచ్చింది. మగ్గాల దూది దుమ్మును తిట్టుకుంటూ బల్ల మీద బట్ట వేసి తుడిచింది. తెర వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది. తర్వాత సుజాత వచ్చింది. తెర మీద ఆ రాయి చూసింది.

"అక్కా, ఎవరొచ్చిన్రు ఈడికి?"

"మీ అమ్మ అచ్చింది. బట్టతోని తుడిసిపోయింది."

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అంత తెలివి ఆ క్షణంలో నాకెలా వచ్చిందో!

"అన్నంత పని చేసినవ్ కదనే!" అని సుజాత వంటింట్లోకి వెళ్లి అరిచింది. "నీ మీదొట్టు బిడ్డా, నేను తుడిసిన గంతే," అంటోంది వదిన. నేను ఆకు కత్తిరిస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత సుజాత మళ్లీ ఆ ఆట తెరవలేదు. చాలా రోజులు తల్లి వడ్డిస్తే తినలేదు, తనే వడ్డించుకునేది.

వదిన ఒకరోజు నా పక్కన వచ్చి కూర్చుంది. "నేను కావాల్నని చెయ్యలే చెల్లె. నువ్వన్న నమ్ముతవా?"

"నమ్ముత వదినా," అన్నాను.

ఇంకొన్నాళ్లకు ఆమెకే అనుమానం వచ్చింది. "ఏమో, నా బట్టనే తగిలుంటది," అంది. అని ఊరుకోలేదు. నా కళ్ల ముందే వెళ్లి, "తప్పయింది బిడ్డా," అని కూతురి చేయి పట్టుకుంది. చేయని తప్పుకు. నేను నోరు తెరవాల్సింది అప్పుడే కదా? ఆటలో చచ్చిన మనిషి కోసం ఇంత ఎందుకని సర్దిచెప్పుకున్నాను. రాయైపోయింది ఆ మనిషి ఒక్కడేనా?

నేను చెప్పేలోపే వదిన పోయిందని రాయబోయాను. అది కూడా అబద్ధమే. ఆమె ఆ తర్వాత ఏళ్లకేళ్లు బతికింది. మేం రోజూ ఒకే కొళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నాం.

మొన్న కొంతం చౌక్‌లో సుజాత కనబడింది. "అమ్మకు నా ఆట అంటే ఎంత మంటనో, యాదున్నదా అక్కా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు కూడా చెప్పలేదు.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. మీకు చెప్పినంత మాత్రాన తప్పు తీరదు, అదీ తెలుసు. కానీ ఒక్క నిజమైనా నా చేత్తో రాస్తే ఊపిరి కాస్త ఆడుతుందేమోనని కూర్చున్నాను. రాస్తున్నాను.

వదిన బట్ట తగల్లేదు. తగిలింది నా వేలు.