బస్సు గైడు చెప్పిన మూగ సినిమా

మా ఊరి సినిమా పండగకి తారలెవరూ రారు. మూతబడ్డ బడి హాల్లో తెర కట్టి, నేల మీద దిండ్లు వేసుకుని, ఆకులు ఎర్రబడే రోజుల్లో మా జపాను పాత సినిమాలు చూసుకుంటాం. నా టోఫు కొట్టు ఎదురుగానే ఉంది కాబట్టి ముల్లంగి, గుడ్లు, టోఫు వేసి ఉడికించే ఓడెన్ పులుసు కుండ బాధ్యత నాది. ముల్లంగి ఉడకలేదని ఏటా ఎవరో ఒకరు వంక పెడతారు. పెట్టినవాళ్లే కుండ అడుగు గీకి మరీ తింటారు.

ఈ ఏటి ముచ్చట మా పక్కింటి హిసానో అక్కది. ఆవిడ కనుమ దాటి వెళ్లే బస్సులో గైడుగా పనిచేసింది. తెల్ల చేతిగ్లవ్సులు తొడుక్కుని, దారికి వీపు పెట్టి, ప్రయాణికుల వైపు తిరిగి నిలబడి కొండల కథలన్నీ చెప్పేది. డ్రైవరు కుమగాయి బ్రేకు తొక్కే తీరుని బట్టి ఏ మలుపు వచ్చిందో ఆవిడ అరికాళ్లకే తెలిసిపోయేది. తర్వాత సొరంగం తవ్వారు, బస్సు ఆగిపోయింది.

మూగ సినిమా పక్కన నిలబడి పాత్రలన్నిటికీ మాటలు చెప్పే మనిషిని బెన్షి అంటాం. మా బెన్షి పెద్దాయనకి గొంతు పోయింది. సెలూను నడిపే ఇసోబె మా పండగ పెద్ద. మూగ సినిమా మానేద్దామని అతను అంటుండగానే హిసానో అక్క చెయ్యెత్తి, "నేను చెప్తా" అంది.

ముందురోజు రిహార్సల్లో కొంప మునిగింది. అక్క అలవాటుగా తెరకి వీపు పెట్టేసింది. వెనక కత్తివీరుడు చచ్చి పడున్నాడు, ఈవిడ ఇంకా అతగాడి చేత ప్రేయసికి కబుర్లు చెప్పిస్తోంది. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

"అక్కయ్యా, కాస్త తెర వైపు తిరుగు" అన్నాడు ఇసోబె.

"ప్రయాణికులకి మొహం చాటేయమంటావా?"

"ఇక్కడ ప్రయాణికులెవరు తల్లీ?"

"కూర్చున్నవాళ్లు కారూ?"

సరే అని తిరిగి చూసింది. తెరని చూస్తూంటే నోరు పెగల్లేదు. రేపూ ఇంతే అయితే మూగ సినిమాకి ఇదే ఆఖరు అని ఇసోబె నా చెవిలో గొణిగాడు. ఆవిడకి వినబడనే వినబడింది.

సాయంత్రం నా కొట్టుకొచ్చి కూర్చుంది. "బస్సు ఆగాక ఈ గొంతు కూరల బేరానికి తప్ప దేనికీ పనికిరాలేదే. రేపు కూడా చెడితే మళ్లీ నన్నెవరు మాట్లాడమంటారు?"

నాకు ఇసోబె మీద ఒళ్లు మండింది. ఆ కోపం, అక్కడే నిలబడి గుడ్డు తింటున్న కుమగాయి మీద చూపించాను. "అన్నేళ్లు కలిసి పనిచేశారు, ఒక్క మంచి మాట చెప్పలేరా?"

"ఊఁ" అన్నాడు మహానుభావుడు, ఇంకో గుడ్డు అందుకుంటూ.

మర్నాడు హాలు నిండింది. అక్క పాత గ్లవ్సులు తొడుక్కుని వచ్చి, మళ్లీ తెరకి వీపు పెట్టి నిలబడింది. ఇసోబె నెత్తి పట్టుకున్నాడు. అప్పుడు కుమగాయి ఎప్పుడూ కూర్చునే వెనక మూల వదిలేసి, పాత బడి కుర్చీ ఒకటి తెచ్చి ముందు వరస దిండ్ల మధ్య ఆవిడ ఎదురుగా వేసుకున్నాడు.

బొమ్మ మొదలైంది. ఆవిడ గొంతు మొదట వణికింది. తర్వాత కుదుటపడింది. వీరుడు కత్తి దూస్తే మాటా దూసింది, ప్రేయసి తల తిప్పుకుంటే గొంతూ తగ్గింది. ఒక్క చోటా తప్పలేదు! ఇదెలాగరా దేవుడా అనుకుంటూ గరిటె పట్టుకుని ముందుకెళ్లాను. తెర వెలుగులో కుమగాయి కుడికాలు కనిపించింది. బొమ్మ మారినప్పుడల్లా ఆ కాలు బ్రేకు తొక్కినట్టు మెల్లగా నేలని నొక్కుతోంది. అక్క చూపు ఆ కాలి మీదే ఉంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఏం, చెమ్మగిల్లకూడదా?

చివర్లో అక్క వంగి దండం పెట్టి, "ఆఖరి స్టాపు వచ్చింది, మీ వస్తువులు మర్చిపోకండి" అనేసింది. హాలంతా నవ్వులు, చప్పట్లు. వచ్చే ఏడాది రెండు మూగ సినిమాలు వేద్దామని ఇసోబె అక్కడికక్కడే ప్రకటించాడు.

జనం వెళ్లాక అక్క కుమగాయి దగ్గరికొచ్చింది. "సినిమా ఎలా ఉంది?"

"సినిమా ఎవరు చూశారు? అద్దంలో చూసినట్టు తెరని ఓ కంట కనిపెట్టానంతే. ఇన్నేళ్లూ రోడ్డు చూస్తూ మీ కథలు విన్నాను. కథ చెప్పేటప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో ఇవాళే చూశాను."

అక్క గ్లవ్సులు విప్పి, మడిచి, మళ్లీ విప్పింది. చివరికి, "వచ్చే ఏడాది రెండు ట్రిప్పులట. టైముకి రండి" అంది.