నలభై ఒకటో పేజీలో ఆగిన గొంతు

మా ఆవిడ చదువుతుంది, నేను దిద్దుతాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే మా బతుకుతెరువు. ప్రెస్సువాళ్లు ప్రూఫులు ఇంటికే పంపుతారు. ముందుగదిలో బల్ల దగ్గర ఆవిడ రాతప్రతి పట్టుకుని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే, నేను ఎర్రపెన్నుతో తప్పులు పట్టుకుంటాను. మోటారు పంపుల కరపత్రమైనా, పశువైద్యం పాఠాలైనా ఆవిడ గొంతు ఒకటే తీరు. ఓసారి ఒళ్లు కాలిపోయే జ్వరంలో నూటపది పేజీలు చదివింది, ఎక్కడా తడబడలేదు. అలాంటి మనిషి మొన్న ఒక ప్రేమకవితల పుస్తకంలో నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయింది.

"నువ్వు మాట్లాడుతుంటే, కామా, వింటూ కూర్చుని, కామా, దిగాల్సిన స్టాపు దాటిపోయాను" అంది. ఫుల్‌స్టాపు చెప్పలేదు. తలెత్తి చూస్తే కళ్లనిండా నీళ్లు.

"ఏమైందే?"

"ఏం లేదు. గొంతు పట్టేసింది."

గొంతు పడితే కళ్లలో నీళ్లెందుకొస్తాయి? నా చెవిలో పువ్వేమన్నా కనిపిస్తోందా! తప్పులు పట్టడమే నా వృత్తాయె. పెళ్లికి ముందు రెండేళ్లు టైపు నేర్చుకోవడానికి ఆవిడ బస్సులో వెళ్లొచ్చేది. ఆ సంగతి గుర్తొచ్చేసరికి నా గుండెల్లో రాయి పడింది. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మాటల్లో మాటగా అడిగాను. "అప్పట్లో నీకు బస్సులో సీటు దొరికేదా?"

"దొరికేది కాదు. ఇప్పుడెందుకండీ ఆ గోల?"

చూశారా, గోలట! ఏమీ లేకపోతే అంత విసుగెందుకు?

మూడోరోజు కవిగారు ప్రూఫుల కోసం వచ్చారు. కొంపదీసి ఈయనే కాదుగదా అని ఓ కన్నేసి ఉంచాను. బట్టతల, ముక్కు మీంచి జారిపోయే కళ్లజోడు. ఆవిడ మంచినీళ్లిస్తే తలెత్తి చూడనైనా లేదు. ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ నలభై ఒకటో పేజీలో అమ్మాయి ఎవరండీ?"

"మా ఆవిడేనండీ" అన్నారాయన సిగ్గుపడిపోతూ. "ఇప్పటికీ అంతే. తను కబుర్లు మొదలుపెడితే నాకింక ఏ పనీ సాగదు."

మా ఆవిడ గ్లాసు తీసుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన గుమ్మం దాటగానే నేనూ వెనకాలే వెళ్లి నిలదీశాను.

"నిజం చెప్పు. ఎవడు వాడు?"

"ఎవడు?"

"ఎవడో ఉన్నాడు! లేకపోతే ఎవరి కవితకో నీకు ఏడుపేంటి?"

చేతిలో గ్లాసు కడిగి బోర్లించింది. విరుచుకుపడుతుందనుకున్నాను, పడలేదు.

"ఎవడూ లేడండీ. ఎప్పుడూ లేడు. అందుకే ఏడుపొచ్చింది" అంది. "ఇన్నేళ్లుగా రోజంతా మీరు నా గొంతే వింటున్నారు. కామాల కోసం."

మూడు రోజులుగా ఎవడిమీదో పళ్లు నూరుతున్న నాకు, వాడెవడో నిజంగా ఉండి ఉంటే బాగుండుననిపించింది.