రామాంజినప్ప చిన్నాయన ఇవ్వని బండి

మొన్న ఉరవకొండ బస్టాండు వెనక ఎవరో ట్రాక్టరు విప్పి పెట్టారు. దాని గేర్ ఆయిల్ వాసన, గంధకం కలిసినట్టు ఘాటుగా, గాలితో వచ్చి ముక్కుకు తగిలింది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం నిలబడి గుండె నిండా పీల్చుకున్నాను. "ఏమైనాది అత్తా నీకు? బస్సు పోతాంది రా" అని మా కోడలు చెయ్యి పట్టి లాగింది. దానికి ఏం చెప్పను? ఆ వాసన నాకు రామాంజినప్ప చిన్నాయన వాసన.

చిన్నాయన అంటే మా నాయనకు తోబుట్టువేమీ కాదు. మా బొరుగుల భట్టీకి ఆనుకుని ఆయన మోటారు సైకిళ్ల షెడ్డు ఉండేది, అంతే. నడుమ ఒక రేకు గోడ. ఇటు నేను మూకుడులో ఇసుక కాచి, బియ్యం పోసి బొరుగులు వేయించేదాన్ని, అటు ఆయన బళ్లు విప్పేవాడు. నాయన పోయి భట్టీ నా మెడకు చుట్టుకునేనాటికి నాకు ఇరవై దాటాయో లేదో. నోరు పెద్దది, ఓపిక చిన్నది. నా పొగ షెడ్డులోకి వస్తోందని ఆయన, ఆయన సుత్తి మోతకు తల పగులుతోందని నేను, రోజూ కీచులాడుకునేవాళ్లం. మధ్యాహ్నమయ్యేసరికి నా బొరుగులు ఆయన ఒళ్లో, ఆయన తెప్పించిన టీ నా చేతిలో ఉండేవి.

పని దగ్గర మాత్రం ఆయన పట్టింపులు ఇన్నీ అన్నీ కావు. మా వైపు ఆషాఢం గాలి చుక్క వాన తేదు గానీ, విత్తనం పడని చేలల్లోని ఎర్రమన్నంతా ఇళ్లలోకి తెచ్చి పోస్తుంది. ఆ రోజుల్లో గేరు పెట్టె విప్పాలంటే చిన్నాయన తెల్లవారగానే నేలంతా నీళ్లు చల్లి, వాకిలికి తడి గోనెపట్టాలు కట్టి, గాలి లేచేలోపు పని ముగించేవాడు. ఎవరెంత తొందరపెట్టినా పొద్దెక్కాక విప్పేవాడు కాదు. "మన్ను ఒక్క పలుకు పోతే చాలు, లోపల జొన్నలు ఇసిరినట్ల ఇసిరి పారేస్తాది" అనేవాడు.

ఆ షెడ్డుకు వచ్చే బళ్లలో గొర్రెల డాక్టరు సారుది వేరే తీరు. పెద్ద పాత విదేశీ బండి. దానికి చైను లేదు. ఇంజను నుంచి వెనక్కి పోయే ఒక ఇనుప కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. గుమ్మఘట్ట దాకా మట్టి దారుల్లో తిరిగే సారుకు, చైను తెగే బెడద లేని ఆ బండంటే ప్రాణం. ఒకసారి అది వెనక నుంచి ఊగుతోందని తెచ్చి వదిలిపోయాడు. చిన్నాయన దాన్ని స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. తర్వాత రేకు గోడ మీద తట్టి నన్ను పిలిచాడు.

"రత్నమ్మా, ఇట్ల రా. ఈ చక్రం పట్టి ఊపు. ఆడతాందా?"

"ఆడతాంది చిన్నాయనా. లోపల టక్కుమంటాంది."

"అయితే బేరింగు పోయినాది."

"నీకు తెలీకనా నన్ను పిలిచినావు?" అంటే నవ్వి ఊరుకున్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

ఆ బేరింగు అల్యూమినియం గూటిలో బిగుసుకుని కూర్చుంటుంది. సుత్తితో కొడితే గూడు పగులుతుంది, మంట చూపిస్తే ఒక పక్కే కాగి వంగిపోతుంది. గూడంతా సమంగా కాగాలి. అందుకని మరునాడు తెల్లవారుతూనే దాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టి నా భట్టీకి తెచ్చాడు. బొరుగులు పేలే వేడి దానికి ఎక్కువ. మంట తీసేసి, ఇసుకలో వేసిన బియ్యం పేలకుండా ఊరికే రంగు తిరిగేదాకా ఆగి, అప్పుడు డబ్బాను పూడ్చాలని నేనే చెప్పాను. మా నాయన బతికున్నన్నాళ్లూ వేడి సంగతి నన్ను అడిగింది లేదు. చిన్నాయన గోనెసంచి మీద కూర్చుని, "తీద్దామా? ఇంకా ఉండాల్నా?" అని నన్నే అడుగుతూ ఉన్నాడు. చివరికి తీసి బోర్లిస్తే పాత బేరింగు తనంతట తానే జారి పడింది. నేను చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టాను. గూడు వేడి మీదుండగానే ఆయన కొత్తది కూర్చోబెట్టి, వదులు లేకుండా పక్కన సన్నటి ఉక్కు రేకు వేసి, చల్లారాక అంతా బిగించాడు.

అప్పటికే డాక్టరు సారు గొర్రెల టీకాలు ఐసు పెట్టెలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. బళ్లు బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఇంకా కొందరున్నారు. చిన్నాయన చక్రం ఊపాడు. మళ్లీ ఊపాడు. నా వైపు చూశాడు. నేను వెళ్లి పట్టుకున్నాను. నూలుపోగంత, అయినా కదిలింది.

"ఆడతాంది" అన్నాను.

సారుకు కోపం వచ్చింది. "ఏమప్పా, నువ్వు ఊపితే ఆడలేదు గదా. బొరుగులు వేయించే ఆమెకేం తెలుసు? ఆడ గొర్రెలు తోలుకోనొచ్చి నిలబడింటారు. ఈడ ఐసు కరిగిపోతాంది."

చిన్నాయన నూనె చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. "సారూ, చక్కెర జబ్బొచ్చి ఈ వేళ్లు మొద్దుబారినాయి. అగ్గి తగిలినా తెలీడం లేదు. ఆడతాందో లేదో నా చేతికి తెలీదు. ఈ పాప చేతికి తెలిసినాది. బండి ఈయను."

నలుగురి ముందు ఒక మెకానిక్ ఆ మాట అనడమంటే తన కడుపు మీద తానే కొట్టుకోవడం. సారు పెట్టె ఎత్తుకుని విసవిసా బస్టాండుకు నడిచాడు. మరునాడు పొద్దున్నే మళ్లీ విప్పి, ఇంకాస్త మందం రేకు వేశాం. ఈసారి చక్రం నా చేతిలో కదల్లేదు. సారు తానూ ఊపి చూసుకుని, చిన్నాయన భుజం పట్టి నొక్కి బండెక్కాడు. ఆ బండి ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరిగింది.

షెడ్డుకు మాత్రం బళ్లు రావడం తగ్గింది. 'వేళ్లు చచ్చిన మెకానిక్కు' అన్న మాట ఊరంతా పాకింది. నాకు ఒళ్లు మండింది, ఊరి మీద కాదు, ఆయన మీద.

"ఎవరడిగినారని చెప్పుకున్నావు చిన్నాయనా? ఇంగోసారి విప్పల్ల అంటే సరిపోయేది గదా!"

"సారు వినేటట్ల ఉండాడా? ఆ చక్రం దోవలో పట్టేసి ఆయప్ప పడినాడనుకో. ఆపైన గూడా నేను ఈడ కూర్చోని నీ బొరుగులు తినల్ల గదా పాపా."

షెడ్డు మూసేశాక ఆయన పొద్దంతా నా భట్టీ దగ్గరే కూర్చునేవాడు. కాగిన మూకుడు మీదికి ఆయన చెయ్యి పోతే నేనే పక్కకు లాగేదాన్ని. ఒక ఎండాకాలంలో పోయాడు. మా నాయన పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. ఈమధ్య నా కళ్లకు పొర కమ్మింది. బియ్యంలో రాళ్లు ఆనడం లేదు. పోయిన సంతలో ఎప్పుడూ కొనే దుకాణదారు బొరుగుల మూట విప్పి, "రాళ్లు లేవు గదమ్మా? నువ్వు చూసినావంటే చాలు" అన్నాడు. చుట్టూ నాలాగే బొరుగులు అమ్మేవాళ్లు వింటున్నారు. 'లేవు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు కండ్లు ఆనడం లేదప్పా. బియ్యం చెరిగింది మా కోడలు. ఆయమ్మిని అడుగు" అన్నాను.

చెబుతుంటే నా కాళ్లు వణికాయి. ఆ రోజు చిన్నాయనకూ వణికే ఉంటాయి. అందరం ఆయన చేతులనే చూశాం.