నాగమల్లేశ్వరి కుడి కన్ను

నాగమల్లేశ్వరికి నలభై రెండేళ్లు. బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు పొదుగుతుంది. ఒక్కో రాయి ఆవగింజంత ఉంటుంది. మైనం అంటించిన పుల్ల కొసతో రాయిని లేపి, గుంటలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న రేకు అంచుని దాని మీదికి వంచాలి. ఇందుకోసం వాచీలు బాగుచేసేవాళ్లలాగా కుడి కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే, మళ్లీ లేచేది వెలుతురు తగ్గాకే. పెళ్లయిన కొత్తలో ఖైరున్ బీ పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంది. ఇరవై మూడేళ్లయింది, ఇద్దరి పీటలూ ఇంకా పక్కపక్కనే ఉన్నాయి.

ఆమె కళ్ల కింద గుంటలున్నాయి. ముప్పై దాటినప్పటి నుంచీ ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, “ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?” అని అడుగుతారు. బాగానే ఉందని చెబితే నమ్మరు. ఈమధ్య అక్క కూతురు భవిత ఫోన్‌లో నగల వీడియోలు మొదలుపెట్టింది. గుడ్లవల్లేరు కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతూ శని ఆదివారాలు బందరు వచ్చి, పిన్ని మెడలో హారం వేసి చూపిస్తుంది. కింద వచ్చే కామెంట్లలో సగం హారం గురించి, సగం పిన్ని నిద్ర గురించి.

ఈ చోట ఆగి అసలైన అందం మనసులో ఉంటుందని ఒక పాఠం చెప్పడం రాసేవాళ్లకు అలవాటు. ఆ పాఠం చెప్పేవాళ్లెవరూ తల దువ్వుకోకుండా గడప దాటరు. నాగమల్లేశ్వరి కోరింది పదహారేళ్ల మొహమేమీ కాదు. జబ్బుమనిషివా అని జనం అడగకుండా ఉంటే చాలనుకుంది. అందుకని ఒక బుధవారం, భవితని చూసి వస్తానని భర్త బాబూరావుకు చెప్పి, బస్సెక్కి గుడివాడ వెళ్లింది. భవిత బస్టాండులో కలిసింది. ఇద్దరూ కలిసి డాక్టర్ సుష్మిత దగ్గరికి వెళ్లారు.

సుష్మిత దొంగ డాక్టరేమీ కాదు. చర్మవ్యాధుల్లో పెద్ద చదువే చదివింది. కళ్ల కింద ఫిల్లర్ అనే జిగురు మందు ఎక్కిస్తే గుంట పూడుతుందనీ, మొదటి మూడు నాలుగు రోజులు వాపు ఉంటుందనీ, రెండు వారాలకు సర్దుకుంటుందనీ విడమర్చి చెప్పింది. “కుడి పక్క గుంట కాస్త లోతుగా ఉంది, అక్కడ కొంచెం ఎక్కువ పెడతాను,” అంది. జాగ్రత్తలూ చెప్పింది: రుద్దకూడదు, నొక్కకూడదు, బోర్లా పడుకోకూడదు, ఆవిరి పట్టకూడదు, ఉప్పు తగ్గించాలి. నాగమల్లేశ్వరి అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుని గుర్తుంచుకుంది.

గురువారం తెల్లారేసరికి రెండు కళ్ల కిందా ఉబ్బింది. బాబూరావు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఏంటే ఆ మొహం?”

“ఏదో పురుగు కుట్టిందండీ.”

“రెండు కళ్లనీ చూసి మరీ కుట్టిందా? చదువుకున్న పురుగల్లే ఉంది.”

ఆయన మెడికల్ షాపులో దురద బిళ్లలు తెచ్చిచ్చి స్కూలు వ్యాను తోలడానికి వెళ్లిపోయాడు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆమె పాటించింది. రెండు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. ఆవకాయ జాడీ వైపు చూడలేదు. మొహం కడుక్కునేటప్పుడు కూడా వేలు తగలనివ్వలేదు. శుక్రవారం నుంచి ఎప్పటిలాగే పనికి వెళ్లింది.

“పురుగు ఏ ఊరిదే?” అంది ఖైరున్ బీ, భూతద్దంలోంచి తల ఎత్తకుండా. గుడివాడ ప్రయాణం సంగతి ఆమెకు ముందే తెలుసు.

“ఊరుకో పిన్నీ.”

“గుడివాడదైతే నాక్కూడా చెప్పు. మా ఆయన నా మొహం చూసి పదేళ్లయింది.”

నాగమల్లేశ్వరికి నవ్వొచ్చింది. నవ్వితే కుడి కంటి కింద ఏదో లాగినట్టయింది. అప్పుడు పట్టించుకోలేదు.

ఆదివారానికి ఎడమ కంటి వాపు తగ్గిపోయింది. అద్దంలో చూసుకుంటే ఆ పక్క నిజంగానే బాగుంది. గుంట లేదు, నలుపు తగ్గింది. కుడి కన్ను మాత్రం గురువారం కంటే అధ్వాన్నంగా ఉంది. రెప్పకు ఆనుకుని వేలెడు పొడవున గట్టిగా ఉబ్బింది. దాని మీద చర్మం నీలంగా, పల్చగా మెరుస్తోంది. భవిత శనివారమే ఫొటో పంపితే, క్లినిక్‌లో ఫోన్ చూసే అమ్మాయి, ‘రెండు వారాల వరకు మామూలే’ అని జవాబిచ్చింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆమె రోజంతా గడిపింది. మామూలే అయితే ఎడమ కన్ను ఎందుకు తగ్గింది?

సోమవారం ఫోన్ తెరిచి వెతికింది. అది చెయ్యకుండా ఉండాల్సింది. మందు రక్తనాళంలోకి పోతే చూపు పోతుందని ఒకావిడ ఇంగ్లీషులో చెబుతోంది. మాటలు సగమే అర్థమయ్యాయి గానీ, ఆవిడ కంటికి కట్టిన కట్టు పూర్తిగా అర్థమైంది. ఆ క్షణం నుంచి నాగమల్లేశ్వరి అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో చూడటం మొదలుపెట్టింది. క్యాలెండర్ మీద తేదీ కనిపించింది. బియ్యం డబ్బా మీద అక్షరాలు కనిపించాయి. పావుగంటకోసారి చూసుకుంది. మధ్యాహ్నానికి తేదీ చుట్టూ మసక కమ్మినట్టు అనిపించింది. నీళ్లు కారుతున్నందువల్లో, నిజంగానే చూపు పోతోందో తెలియలేదు. ఎవరినడగాలో కూడా తెలియలేదు. భర్తకు చెప్పాలంటే ముందు పురుగు సంగతి అబద్ధమని చెప్పాలి. పనిచోటుకి వెళ్లి ఎడమ కంటితో భూతద్దం పెట్టుకుని చూసింది. ఎడమ కన్ను ఆ పనికి అలవాటు పడలేదు, రాయి గుంటలో కూర్చోలేదు. కుడి కన్ను పోతే పని పోయినట్టే.

ఆ సాయంత్రమే అవనిగడ్డ నుంచి అత్తగారు ఇందిరాదేవి ఫోన్ చేసింది. బాబూరావు ఆమెకు నాగమల్లేశ్వరి వాపు సంగతి చెప్పగానే తేల్చేసింది. “పురుగు కాదురా. పేరులోనే నాగన్న ఉన్నాడు, మొక్కు ఏదో మర్చిపోయుంటారు. రేపు మంగళవారం. మోపిదేవి సుబ్బారాయుడి గుడికి తీసుకురా, పుట్టలో పాలు పోసి, ఆ మట్టి కంటికి రాద్దాం.”

నాగమల్లేశ్వరి కాదనలేదు. భక్తితో అని అనుకోకండి. మట్టి రాయడానికి వెళ్లడం, అబద్ధం ఒప్పుకోవడం, ఈ రెంటిలో మొదటిది తేలికనిపించింది. మనలో చాలామంది మొక్కుల వెనక ఉన్న లెక్క ఇదే.

మంగళవారం బాబూరావు సెలవు పెట్టాడు, ఎనిమిదింటికి బైకు మీద బయలుదేరారు. దారి పొడుగునా ఎడమ కన్ను మూసుకుని, పక్కన పోయే బోర్డులు చదువుతూ వచ్చింది. చల్లపల్లి దగ్గర పడేసరికి పెద్ద అక్షరాలే అందాయి. చిన్నవి చెదిరిపోయాయి. కంటి కింద నాడి కొట్టుకుంటున్నట్టు ఒకటే పోటు. కాసేపట్లో అక్కడ ఎవరో తడిమట్టి పెట్టి, వేలితో అదిమి రాస్తారు. డాక్టరు చెప్పిన మాటల్లో ‘నొక్కకూడదు’ అన్నది ఒక్కటే చెవిలో మోగుతోంది.

“ఏవండీ, బండి ఆపండి.”

“వాంతి వస్తోందా?”

“ఆపండి ముందు.”

చల్లపల్లి సెంటర్లో టీ కొట్టు పక్కన ఆపాడు. ఆమె దిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. గుడివాడ, సూది, మందు, భవిత, అన్నీ. బాబూరావు హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టాడు.

“కనిపిస్తోందా?” అన్నాడు.

“మసగ్గా ఉందండీ.”

“నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నాను?”

“మూడు.”

“నీతో గొడవ తర్వాత పడతాను. ఎక్కు.” తల్లికి ఫోన్ చేసి, “అమ్మా, రావట్లేదు. బండి పాడైంది,” అని చెప్పి పెట్టేశాడు. అబద్ధాలు ఆ ఇంట్లో ఒక్కరి సొత్తేం కాదు. కూచిపూడి, పామర్రు మీదుగా గుడివాడ చేరేసరికి పదిన్నర. దారిలో ఆయన ప్రతి ఊరి దగ్గరా వెనక్కి తిరగకుండా అడిగాడు, “ఇప్పుడు?” ఆమె ప్రతిసారీ, “అలాగే ఉందండీ,” అంది.

సుష్మిత చూడగానే కుర్చీ దగ్గరికి లాక్కుంది. గోడ మీద అక్షరాలు చదివించింది. కన్ను అటూ ఇటూ తిప్పించింది. టార్చి వేసింది. చర్మం మీద వేలు తేలిగ్గా ఆనించి వదిలి, రంగు తిరిగి వస్తోందా లేదా అని చూసింది. ఆ రెండు నిమిషాల్లో నాగమల్లేశ్వరికి గుడ్డిదానిగా మిగిలిన జీవితమంతా కనిపించింది.

“రక్తం బాగానే ఆడుతోంది. చూపు పోలేదు. నీళ్లవల్ల, వాపు రెప్పని తోస్తున్నందువల్ల మసక. కానీ మందు పెట్టిన చోట లేదు, పైకి జరిగి గడ్డ కట్టింది. నొక్కారా?”

“లేదండి.”

“రుద్దారా? బోర్లా పడుకున్నారా?”

“లేదు మేడమ్, ఒట్టు.”

“నిజం చెబితేనే నేను వైద్యం చెయ్యగలను.” సుష్మిత వంగి మళ్లీ చూసింది. “మరి ఈ గీత ఏంటి? సగం చక్రంలా.”

నాగమల్లేశ్వరి కంటి కింద వేలు పెట్టబోయి ఆపుకుంది. జవాబు గుమ్మం దగ్గర నిలబడ్డ బాబూరావు నుంచి వచ్చింది.

“అది ఎప్పుడూ ఉండేదేనండి. మా పేటలో ఆడాళ్లందరికీ ఉంటుంది. అద్దం గీత.”

“ఏం అద్దం?”

ఆయన బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా చేసి తన కంటికి పెట్టుకుని, గట్టిగా నొక్కి చూపించాడు. “రాళ్లు పొదగడానికండి. రోజంతా ఇలాగే ఉండాలి.”

సుష్మిత కుర్చీలో వెనక్కి వాలింది. బల్ల సొరుగులోంచి ఫైలు తీసింది. వృత్తి అన్న చోట నాగమల్లేశ్వరి తన చేత్తోనే రాసింది: గృహిణి. రేషన్ కార్డులోనూ అదే, బ్యాంకు పుస్తకంలోనూ అదే. చిలకలపూడిలో ఏ ఇంటికి వెళ్లి అడిగినా, రోజుకు తొమ్మిది గంటలు రాళ్లు పొదిగే ఆడమనిషి తనకు ఉద్యోగం లేదనే చెబుతుంది. ఇక భూతద్దం సంగతంటారా, అది మొహంలో కలిసిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ‘నొక్కకూడదు’ అంటే వేలితో అని ఆమె అనుకుంది. శుక్ర, శని, రెండు రోజులు ఆ భూతద్దం గొట్టం అంచు లేత మందు మీద కూర్చుని దాన్ని తోసేసింది.

“తప్పు నాదీ ఉంది,” అంది సుష్మిత. “ఆ పక్క లోతుగా ఎందుకుందని అడక్కుండా పూడ్చేశాను.”

డాక్టరు తప్పు ఒప్పుకుంటే రోగి భయం తగ్గదు, పెరుగుతుంది. మందును కరిగించే ఇంకో మందు ఉంది, అది మళ్లీ సూదితో అక్కడే ఎక్కించాలి అని వినగానే నాగమల్లేశ్వరి లేచి బాబూరావు పక్కన నిలబడింది. పడుతుందో లేదోనని ముందు ముంజేతి మీద చిన్న చుక్క పొడిచి అరగంట కూర్చోబెట్టారు. ఆ అరగంటా బాబూరావు ఆమె చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఎర్రబడుతోందా?” అంది ఆమె.

“దోమ కుట్టినంత. ఇది మాత్రం నిజం పురుగే అనుకో.”

“నవ్వించకండి. లాగుతుంది.”

సూది పడ్డప్పుడు ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. గాజు ముక్క గుచ్చుకున్నట్టు మండింది. సుష్మిత జాగ్రత్తలు ఈసారి ఇద్దరికీ చెప్పింది: రేపు ఇంకా ఉబ్బుతుంది, భయపడొద్దు. కానీ నొప్పి భరించలేనంతగా వచ్చినా, చూపు చీకటైనా, చర్మం తెల్లబడినా తనకోసం ఆగకుండా విజయవాడ కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. నెల రోజులు ఏ అద్దమూ కంటికి తగలకూడదు.

భయపడొద్దు, కానీ అన్న మాటలో మనిషికి రెండో ముక్కే వినబడుతుంది. బుధవారం కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆమె వేళ్లతో రెప్ప తెరిచి, క్యాలెండర్ వైపు చూసి, మళ్లీ వదిలేసింది. ఇరవైసార్లు చేసి ఉంటుంది. బాబూరావు ఆ రోజూ సెలవు పెట్టి ఇంట్లోనే ఉండి, విజయవాడ బస్సుల వేళలు చీటీ మీద రాసి గోడకు అతికించాడు. గురువారం రెప్ప సగం తెరుచుకుంది. శనివారానికి గడ్డ మెత్తబడి, సోమవారానికి కరిగిపోయింది. గుంట మళ్లీ వచ్చింది, ఎప్పటి లోతులోనే. ఎడమ పక్క మాత్రం నిండుగా ఉండిపోయింది. అది కూడా కరిగించమంటారా అని సుష్మిత ఫోన్‌లో అడిగితే, ఇంకో సూది వద్దని చెప్పేసింది.

వాపు పోయినా భయం పోలేదు. గోడ మీద తేదీలు చదవడం వేరు, పని వేరు. కన్ను మునుపటిలా ఉందో లేదో తేల్చేది క్యాలెండర్ కాదు. కరిగించే సూది వేయించుకున్న పన్నెండో రోజున ఆమె పనిచోటుకి వెళ్లి, తన పీట మీద కూర్చుంది.

ఖైరున్ బీ ఆమె మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఎడమ పక్క ముప్పై, కుడి పక్క నలభై రెండు. మీ ఆయనకి ఇద్దరు పెళ్లాలు.”

“పిన్నీ, రాళ్ల పళ్లెం ఇటివ్వు.”

“అద్దం పెట్టకూడదన్నారుగా?”

“పెట్టను.”

అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. తెల్లరాళ్ల కుప్పని పుల్లతో పరిచి, ఒక్కొక్కటీ వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు పట్టింది. ఖైరున్ బీ చేతిలో పని ఆపేసి చూస్తోంది. చివరికి ఒక రాయిని మైనానికి అంటించి ఆమె ముందు పెట్టింది.

“అడుగున చీలిక ఉంది. చూడు, ఉందా?”

ఖైరున్ బీ తన భూతద్దం బిగించుకుని వంగింది.

“ఉందే. వెంట్రుకంత.”

నాగమల్లేశ్వరి ఎడమ కంటి మీది చెయ్యి తియ్యలేదు. “ఇంకో గుప్పెడు పొయ్యి పిన్నీ,” అంది. “ఇంకోటి దొరికితే నమ్ముతాను.”