చేటెడు తవుడూ, అజూబా అనే పేరూ

చుట్ట ముట్టించుకుని తీరిగ్గా వినండి. మొన్న ఆదివారం ఓ పసిపిల్లకి పేరు పెట్టడానికి వెళ్లి, ఆ పేరు నేనే ఇంటికి మోసుకొచ్చాను!

నా సంగతి తెలుసుగా? పలాస స్టేషన్లో కదిలిపోతున్న రైలుని ఒంటిచేత్తో ఆపి, టెక్కలి మిషను దొరసానిని ఎక్కించినవాణ్ణి! ఆవిడ బండి ఏళ్లకేళ్లు తోలాను. దారిపొడుగునా బైబిలు పైకి చదివేది. వినీ వినీ నాకే కాదు, నా ఎద్దులకి కూడా సగం వచ్చేసింది. తర్వాత దొరసాని ఓడెక్కి వెళ్లిపోయింది. ఎద్దులు పోయాయి. మా ఆవిడా పోయింది. ఇప్పుడు వజ్రపుకొత్తూరు తోటలో నేనూ, రాలే కొబ్బరికాయలూ. కాయ పడితే చాలు, ‘ఎవరదీ?’ అని లేచి కూర్చుంటాను.

పక్కింటి నీలమ్మ కోడలు గురమ్మకి ఆడపిల్ల పుట్టింది. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఇదైనా దక్కాలి. కొత్తగా ప్రార్థనలకి వెళ్తున్న గురమ్మ బైబిల్లో పేరే కావాలంటుంది. అత్తగారికి తవిటమ్మ కావాలి. పిల్లని చేటలో పెట్టి పరాయివాళ్ల చేతికిచ్చి, తవుడు పోసి తిరిగి కొనుక్కుంటే, ‘ఇదేదో పారేసిన సరుకు’ అనుకుని చావు దాని వంక చూడదని మన వైపు నమ్మకం కదా!

“బావా, నీకన్నీ తెలుసునంతావు. రెండూ కలిసొచ్చే పేరొకటి సెప్పీ” అంది నీలమ్మ.

నా గుండె పొంగిపోయింది. మాకు పిల్లల్లేరు. నేను పెట్టిన పేరుకి నా ఎద్దులు తప్ప ఏ ప్రాణీ పలకలేదు.

ఆదివారం వాకిలి నిండా జనం. బైబిలు చదివి చెప్పే రూతమ్మ కూడా వచ్చింది. నీలమ్మ చేట నా చేతుల్లో పెట్టింది. ఆ గుంట నా వేలు పట్టేసుకుంది! సముద్రంలో సొరచేపని లాగినవాణ్ణి, ఆ వేలు మాత్రం విడిపించుకోలేకపోయాను.

“ఇంక ఇచ్చీ బావా!”

“ఉండవే, తొందరేటి?”

చివరికి నా తువ్వాల్లో తవుడు పోసి పిల్లని తీసుకున్నారు. నేను మీసం దువ్వి అరిచాను: “అజూబా! యూదుల దేశంలో సాక్షాత్తూ రాజుగారి తల్లి పేరు!”

అందరూ ఆహా అన్నారు. అక్కడితో ఊరుకోవచ్చుగా! “అర్థం కూడా చెప్పండి తాతగారూ” అంది రూతమ్మ. ఇంక నా నోరు ఆగుతుందా!

“వాళ్ల భాషలో ‘విడిచిపెట్టేసినది’ అని! దొరసానే చెప్పింది. బైబిలు పేరూ అయింది, తవిటమ్మా అయింది. నా బుర్రంటే ఏమిటనుకున్నారు!”

గురమ్మ పిల్లని గుండెకి అదుముకుంది.

“ఇద్దర్ని మట్టిలో పెట్టీసినాను మావా. దీన్ని ఒగ్గీసినానని రోజూ నా నోటితోనే పిలవాలేటి?”

నీలమ్మ అందుకుంది. “పారీసినామని సావుకి సెప్పాల గానీ, పిల్లకి సెప్తారేటి బావా!”

మీసం మీంచి చెయ్యి తీసేశాను. అవునండీ, నేనే!

రూతమ్మే సర్దింది. “దీనికి విరుగుడూ బైబిల్లోనే ఉందమ్మా. విడిచిపెట్టారని ఏడుస్తున్నదాన్ని దేవుడు ‘హెఫ్సీబా’ అని పిలిచాడు. నువ్వంటే నాకు ఇష్టమని.”

“ఇట్టమని అరిస్తే దిష్టి తగలదేటి?” అంది నీలమ్మ. ఆఖరికి ప్రార్థనలో హెఫ్సీబా, ఇంట్లో తవిటమ్మ అని ఒప్పందం కుదిరింది. నేను తెచ్చిన పేరు ఎవరికీ అక్కర్లేకుండా వాకిట్లో మిగిలిపోయింది. దాని అర్థమే అది కదా!

తువ్వాల్లో తవుడు మూట కట్టుకుని ఇంటికొచ్చాను. పెట్టడానికి పశువైనా లేదు. వేలు చూసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే దడి అవతల గురమ్మ గొంతు.

“అజూబా మావా! గంజి కాసినాను, వత్తావేటి?”

ఇంత మీసం ఉన్నవాడికి రాజుగారి తల్లి పేరా! చచ్చినా పలకకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

గురమ్మ రెండోసారి పిలిచేసరికి, గిన్నె పట్టుకుని వాళ్ల గుమ్మంలో ఉన్నాను.