సత్తి నిలబడి రాసిన బుక్‌కీపింగ్ పేపర్

నిన్న సాయంత్రం సత్యవతి కోడలు ఫోన్ చేసింది. అత్తయ్య పోయారండీ అంది. ఏ అత్తయ్య అని అడిగాను.

తెలిసే అడిగాను.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. టీవీ పెట్టాను, కట్టేశాను. స్టవ్ మీద పాలు పెట్టి హాల్లోకి వచ్చాను, పొంగిపోయాయి. పొద్దున్నే కారు మాట్లాడుకుని సాలూరు బయలుదేరాను. గజపతినగరం దాటాం. డ్రైవర్ని మాటిమాటికీ తొందరపెట్టడం బాగోదని ఫోన్ తీసి ఇది రాస్తున్నాను.

మీలో చాలామందికి సత్తి, అంటే ఈ సత్యవతి, తెలియదు.

అరవైల చివర్లో విజయనగరంలో మా బీకాం ఫస్టియర్ క్లాసులో మేమిద్దరమే ఆడపిల్లలం. వాళ్ల నాన్న సాలూరులో లారీ డ్రైవర్. తను విజయనగరంలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేది.

రెండో టర్మ్‌లో బుక్‌కీపింగ్ మొదలైంది. లెక్చరర్ చెప్పేదంతా ఇంగ్లీషు. డెబిట్ ఎటో, క్రెడిట్ ఎటో తెలియక నాకు ఏడుపొచ్చేది. సత్తికి అర్థమయ్యేది గానీ కుదురు లేదు. బెంచీ కింద కాలు ఆడుతూనే ఉండేది. ట్రయల్ బ్యాలెన్స్‌లో రెండు వైపుల మొత్తాలూ కలవకపోతే లేచి వరండాలోకి వెళ్లిపోయేది. తప్పు ఎక్కడుందో తట్టగానే పరుగున వచ్చేది. లెక్చరర్ మొదట్లో తిట్టారు. తర్వాత తలుపు పక్క బెంచీ ఇచ్చి ఊరుకున్నారు.

పరీక్షలు దగ్గర పడ్డాక వాళ్ల నాన్న లారీ ఘాట్‌లో బోల్తా పడింది. ఆయన నడుం విరిగింది.

మేనమామ నేరుగా కాలేజీకే వచ్చాడు. "ఇంక సదువేటి? అయ్యకి సెయ్యాల, తమ్ముల్ని సూడాల" అన్నాడు. సత్తి పుస్తకాలు సర్దుకుని లేచింది. వెళ్లేటప్పుడు నా వైపు కూడా చూడలేదు.

ఒక్క పేపర్ రాయకపోయినా ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంట్లో ఇక పంపరు.

మొదటి పేపరే బుక్‌కీపింగ్. బెల్ కొట్టారు. సత్తి సీటు ఖాళీ. ప్రశ్నలు చదువుతున్నానే గానీ ఒక్కటీ బుర్రకెక్కడం లేదు. కళ్లన్నీ గేటు మీదే. అరగంట దాటితే లోపలికి రానివ్వరు.

అంతలో చింతపండు బస్తాలతో ఒక లారీ వచ్చి గేటు ముందు ఆగింది.

సత్తి దిగింది. జుట్టు నిండా దుమ్ము. చేతిలో పెన్ను కూడా లేదు.

లెక్చరర్ వాచీ చూసుకుని రమ్మన్నారు. నా దగ్గరున్న రెండో పెన్ను ఇచ్చాను. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చివరికి ఆయన దగ్గరికి వెళ్లి, కూర్చుంటే రాయలేకపోతున్నాను, కిటికీ దగ్గర నుంచుని రాస్తానంది. మగపిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. తన రుమాలుతో కిటికీ గట్టు మీది దుమ్ము దులిపి, అక్కడ రాసుకోమన్నారు.

ఆ పేపర్ మొత్తం నిలబడే రాసింది.

బయటికొచ్చాక, మీ మావయ్య ఎలా పంపాడే అని అడిగాను. ఆయన పంపలేదట. తోటి డ్రైవర్ని ఇంటికి రప్పించింది నాన్నేనట. మంచం మీంచి లేవలేకపోయినా కూతుర్ని పిలిచి, "ఎల్లి రాసిరా గుంటా. నాకు మంచినీల్లిచ్చీడానికి ఇంట్లో ఇంతమంది ఉన్నారు" అన్నాడట.

అది చెబుతూ అప్పుడు ఏడ్చింది. "అయ్య మల్లీ లేస్తాడో లేదో. నానిక్కడ ఏటి సేత్తన్నాను పార్వతీ?" అంది.

చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అయినా సత్తి ఇంటికి పోలేదు. మిగతా పేపర్లన్నీ రాసే వెళ్లింది.

వాళ్ల నాన్న లేచాడు గానీ మళ్లీ లారీ తోలలేకపోయాడు. సత్తి బీకాం పాసై సాలూరులోనే ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంటెంట్‌గా చేరింది. చుట్టూ డ్రైవర్లు, క్లీనర్లు, బీడీ పొగ. ఆడమనిషి అక్కడ ఉద్యోగం చెయ్యడం అదే మొదలు. నాన్న రోజూ కర్ర పట్టుకుని వచ్చి బయట బల్ల మీద కూర్చునేవాడు. ఇక్కడెందుకు కూకున్నావని ఎవరైనా అడిగితే, "లోపల మా గుంట పని సేత్తన్నాది" అనేవాడట.

రిటైరయ్యేదాకా సత్తి ఆ ఉద్యోగంలోనే ఉంది. ఇద్దరు తమ్ముళ్లనీ చదివించింది.

రామభద్రపురం వచ్చింది. కోడలు మళ్లీ ఫోన్ చేసింది. మీరొచ్చాకే అత్తయ్యని తీస్తామండీ, కంగారు పడకండి అంది.

సత్తీ, వస్తున్నానే. ఒక్కసారి నీ మొహం చూసి సాగనంపుతాను. నీ ఆత్మ చల్లగా ఉండాలి తల్లీ.